బకెట్టు అబద్ధం చెప్పదు

డిసెంబరు 2

వదిన గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి చెయ్యి ముందు అదే రాయబోయింది. మనుషులం క్షేమమే. ఇల్లే బాగా లేదు. మన పై వాటా వాళ్ళు తాళం వేసుకుని వెళ్ళి చాలా కాలమైంది కదా. వాళ్ళ స్నానాల గదిలో గొట్టం ఎప్పుడు పగిలిందో ఎవరికీ తెలీదు. మొన్న పొద్దున అత్తయ్య తన గదిలోంచి "అమ్మాయీ, నా మంచం చెమ్మగా ఉందేమిటే?" అని పిలిచారు. వెళ్ళి చూస్తే స్లాబు మీద ఇంత మరక, గోడ పొడుగునా నీళ్ళు. పరుపు పిండితే బిందె నిండేలా ఉంది. ఆవిడ దుప్పటి ముసుగులో అంతసేపు ఎలా పడుకున్నారో నాకు అర్థం కాలేదు.

తాళం పగలగొట్టించి పైన నీళ్ళు కట్టేయించాను. కానీ గోడ తాగిన నీళ్ళు గోడలోనే ఉన్నాయి. చెయ్యి ఆనిస్తే జిల్లుమంటోంది. మీ తమ్ముడు లారీ మీద ఉన్నారు, ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోను తీగ కూడా ఆ గోడలోంచే వెళ్ళింది, మూగబోయింది. గోడ ఆరితే గానీ కొత్త తీగ వెయ్యలేమని ఫోను ఆఫీసు వాళ్ళు చెప్పి వెళ్ళారు. అందుకే ఉత్తరం.

నాకు భయంగా ఉంది వదినా. ఆ స్లాబు ఎప్పుడైనా ఊడి పడుతుందేమోనని గదిలోకి వెళ్ళినప్పుడల్లా తల పైకెత్తి చూస్తున్నాను. ఊరూరా తిరిగి ఇళ్ళు ఆరబెట్టే ఆడబిడ్డ ఉండగా పక్కవాళ్ళని సలహా అడగడమెందుకని మీకే రాస్తున్నాను. ఏం చెయ్యమంటారో చెప్పండి.

మీ మరదలు

డిసెంబరు 6

మరదలికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా తమ్ముడు లారీ మీద ఉన్నన్నాళ్ళూ ఆ మిగతా సగం కూడా నేనే అనుకుని చెప్పినట్టు చెయ్యి.

ముందు నీ భయం సంగతి. ఒక పొడుగు కర్ర తీసుకుని స్లాబుని తట్టు. గట్టిగా పలికితే నిశ్చింతగా ఉండు. డొల్లగా పలికిన చోట పెచ్చు ఊడుతుంది, దాని కిందికి మంచం జరపకు. అంతే. ఇల్లంతా కూలదు. ఇక్కడ వరద తీసిన వీధిలో నేను రోజూ ఇంతకన్నా పాడైన గదుల్లో నిలబడి టీ తాగుతున్నాను.

ఇక ఆరబెట్టడం. మీ ఊళ్ళో నాతో పని నేర్చుకున్నవాడొకడున్నాడు. సున్నపు దుమ్ము పడక ఎప్పుడూ తుమ్ముతుంటాడు, అందుకని అందరం తుమ్ముల మేస్త్రి అంటాం. తేమ పీల్చే మిషను ఒకటి ఇంటికి తెచ్చి పెట్టమని అతనికి కబురు చేశాను. నా మొహం చూసి ఇస్తున్నాడు, జాగ్రత్తగా వాడు. అది గదిలో గాలిని పీల్చి, అందులో చెమ్మని నీళ్ళు చేసి కింద బకెట్టులో పోస్తుంది. గాలి ఆరితే గోడ తన నీళ్ళని గాలికి వదులుతుంది. కిటుకు ఇంతే.

కిటికీలు మాత్రం తెరవకు. పోయిన నెల ఒక మాస్టారి ఇంట్లో మిషను పెట్టి వచ్చాను. ఆయన గాలి వెలుతురు ఆరోగ్యమని రోజూ కిటికీలు బార్లా తీసి కూర్చున్నారు. బకెట్లకు బకెట్లు నిండుతున్నాయి, గోడ మాత్రం అలాగే ఉంది. "మాస్టారూ, నా మిషను మీ గది ఆరబెట్టగలదు గానీ మీ ఊరు మొత్తాన్ని ఆరబెట్టలేదు" అన్నాను. గది వెచ్చగా ఉండాలి, మూసి ఉండాలి. ఈ రెండు ముక్కలూ తలుపు మీద రాసి పెట్టుకో.

అమ్మని గోడ ఆరేదాకా ముందు గదిలో పడుకోమను. ఒప్పుకోదు. అయినా చెప్పు.

వదిన

డిసెంబరు 11

వదిన గారికి,

మీ మేస్త్రి వచ్చారు. గుమ్మంలో తుమ్మారు, గదిలో తుమ్మారు, వెళ్ళేటప్పుడు మెట్ల మీద కూడా తుమ్మారు. మిషను పెట్టి, ఎలా తిప్పాలో చూపించి వెళ్ళారు. మీరంటే ఆయనకి ఎంత గౌరవమో. మీ పేరు చెప్పినప్పుడల్లా చేతులు కట్టుకుంటున్నారు.

కర్రతో తట్టి చూశాను. ఒక్క మూల తప్ప అంతా గట్టిగానే పలికింది. మీరు రాసినట్టే మంచం ఇవతలికి లాగాను. అప్పటినుంచి కాస్త నిద్ర పడుతోంది.

మొదటిరోజే బకెట్టు సగానికి పైగా నిండింది. అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఆ నీళ్ళ కేసి చూసి "ఇన్ని నీళ్ళు మన గోడే తాగిందా? మనింట్లో అందరికన్నా దానికే దాహం ఎక్కువలా ఉంది" అన్నారు. చప్పుడు మాత్రం ఆవిడకి గిట్టడం లేదు. "నా కొడుకు లారీ తెచ్చి నా మంచం పక్కన ఆపి, ఇంజను కట్టెయ్యడం మర్చిపోయాడా?" అంటారు. చెవుల్లో దూది పెట్టాను. దూది తీసి నా చేతిలో పెట్టారు.

ఆవిడకి తన గదిలో తప్ప నిద్ర పట్టదని మీకు తెలియందేముంది. ముందు గదిలో పడుకున్నా, కళ్ళు తెరిచే ఉంటారు. ఏదో ఒకటి చూసుకుంటాను లెండి. మీరు దిగులు పడకండి. కిటికీలు మూసే ఉన్నాయి.

మీ మరదలు

డిసెంబరు 15

మరదలికి,

మొదటిరోజే సగం బకెట్టా! గోడ మంచిదే, నీళ్ళు బిగబట్టుకోవడం లేదు. ఇక్కడ వాళ్ళకి కూడా చెప్పాను, మా మరదలు నా కన్నా బాగా ఆరబెడుతోందని.

రోజూ బకెట్టు ఎంత నిండుతోందో నాకు రాస్తుండు. మనుషులు అబద్ధం చెబుతారు, గోడలు కూడా పైకి ఆరినట్టు నటిస్తాయి, బకెట్టు అబద్ధం చెప్పదు. ఇప్పటికి సగంలో సగానికి దిగి ఉండాలి. అలా తగ్గుతూ తగ్గుతూ ఒకనాడు అడుగు కూడా తడవదు. అప్పుడు గోడ ఆరినట్టు. ఒకవేళ తగ్గకుండా అలాగే వస్తుంటే మాత్రం బయటి గాలి ఎక్కడినుంచో దూరుతున్నట్టే. కిటికీ రెక్కల సందులకి కాగితం అంటించు. తలుపు కింద గోనెపట్టా కుక్కు.

అమ్మ చప్పుడని సణుగుతుంది. వినకు. చిన్నప్పుడు నాకు మందు పోసేటప్పుడు నేనూ ఏడ్చాను, ఆవిడ విన్నదా? ఆవిడ మాట వింటే ఆ గోడ ముని మనవల కాలానికి ఆరుతుంది.

వదిన

డిసెంబరు 19

వదిన గారికి,

మీరు అడిగారు కాబట్టి, బకెట్టు రోజూ సగం దాకా వస్తోంది. కాగితాలు అంటించాను. గోనెపట్టా కూడా పెట్టాను. గోడ మాత్రం ఇంకా చల్లగానే ఉంది. మరక చుట్టూ తెల్లగా ఉప్పు పొంగింది.

చప్పుడు గొడవ లేదిప్పుడు. అత్తయ్య తన గదిలోకి వెళ్ళిపోయారు. గది వెచ్చగా ఉందని అరచేతులు చాచి మురిసిపోయారు. నేనూ పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను. అంతా బాగున్నట్టే ఉంది గానీ ఒంట్లోనే బాగుండటం లేదు. పొద్దున లేస్తూనే తల పగిలిపోతోంది. నిన్న అత్తయ్య కాఫీ తాగీ తాగగానే కక్కేశారు. నాకు కాళ్ళు నావి కానట్టు ఉంటున్నాయి. గిన్నె తోముతూ తోముతూ, ఇందాక తోమానా ఇప్పుడు తోముతున్నానా అని ఆగిపోయాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. అక్కడికి చేరేసరికి ఇద్దరికీ తేలికపడింది. ఆయన నాడి చూసి, కళ్ళు చూసి, చలికాలపు నీరసమని బలానికి మందు రాసిచ్చారు. ఇంటికొచ్చి కాసేపు పడుకున్నామో లేదో మళ్ళీ మొదలు.

ఇంకోటి రాస్తే నవ్వుతారేమో. పై వాటాలో ఎవరో తిరుగుతున్నారని అత్తయ్య అంటున్నారు. కొత్తగా వేయించిన తాళం చెవి నా దగ్గరే ఉంది, వెళ్ళి చూశాను, ఎవరూ లేరు. కానీ నిన్న మధ్యాహ్నం నాకూ వినబడింది. చెవుల్లోనే ఎవరో నడుస్తున్నట్టు, దబ్, దబ్ మని. ఈ గదికి ఏదో పట్టిందని ఆవిడంటే పైకి కొట్టిపారేస్తున్నాను గానీ లోపల నా ప్రాణాలు నాలో లేవు. మీ తమ్ముడు వస్తే బాగుండును.

మీ మరదలు

డిసెంబరు 23

మరదలికి,

నీ ఉత్తరం పనిలో ఉండగా అందింది. చదివాక ఆ పూట పని చెయ్యలేకపోయాను.

దయ్యమూ లేదు, గదికి ఏమీ పట్టలేదు. బూజు పట్టి ఉంటుంది. తడి గోడ ఎక్కువ రోజులు తడిగా ఉంటే లోపల బూజు పుడుతుంది, పైకి కనబడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తలనొప్పి, వాంతులు, నీరసం. నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంట్లో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా బొచ్చులా ఉంది. ఆ గదిలో పడుకున్న ముసలాయన అప్పటికే మంచం పట్టాడు, ఇక లేవలేదు. ఆయన దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అమ్మ ఆ మంచం మీద ఉన్నట్టు కళ్ళకి కడుతోంది. నువ్వు బయటికి వెళ్ళగానే తేలికపడ్డామని రాశావు చూడు, అదే రుజువు. జబ్బు ఆ గోడలోనే ఉంది. దాన్ని ఎంత తొందరగా ఆరబెడితే అంత మంచిది.

ఇప్పుడు నిష్ఠూరంగా ఒక మాట అడుగుతాను. ఇన్నాళ్ళయ్యాక కూడా బకెట్టు సగం నిండటం ఏమిటి? గోడలో ఏమైనా చెరువుందా? నువ్వు కిటికీలు తెరుస్తున్నావు. వెనక్కి తిరిగి చూసుకో, తెరుస్తున్నావు. నేను చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నావు. ఇది నా కోపం కాదు, నా భయం. ఆ గదిలో ఉన్నది నిన్ను కన్నతల్లి కాకపోవచ్చు, నన్ను కన్నతల్లి.

ఎంత చెప్పినా అమ్మ ఆ గది వదిలి రాదని నాకు తెలుసు. గది వెచ్చగా ఉంచు. ఇంకా వెచ్చగా ఉంచు. ఒక్క సందు కూడా వదలకుండా మూయించు. తమ్ముడు వస్తే వాడి చేత ఆ కిటికీకి మేకులు కొట్టించు.

వదిన

డిసెంబరు 27

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నన్ను కన్నతల్లి కాకపోవచ్చన్నారు. పోనీలెండి. మీరు భయంలో అన్నారు, నేను భయంలో విన్నాను.

కిటికీ తెరుస్తున్నది నేను కాదు. నిన్న పొద్దున తెలిసింది. నేను నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా అత్తయ్యే కాగితం చించి, రెక్క తీసుకుని, ముక్కు బయట పెట్టి కూర్చుంటున్నారు. నా అడుగుల చప్పుడు వినగానే మూసేసి, కాగితాన్ని ఉమ్మి తడిచేసి మళ్ళీ అంటిస్తున్నారు. చిన్నపిల్లలా దొరికిపోయారు. "ఊపిరి ఆడటం లేదే, కాసేపు గాలి పీల్చుకుంటే ఏం పోయింది?" అన్నారు. మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "పెద్దదానికి అంత కోపం వచ్చిందా?" అని మాత్రం అన్నారు. మీ తమ్ముడు నిన్న వచ్చి ఒక్క పూట ఉండి వెళ్ళారు. వెళ్ళే ముందు కిటికీకి మేకులు కొట్టారు. అత్తయ్య అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నా గదిలో పడుకోవద్దు పో అన్నారు. ముందు గదిలో పడుకుంటున్నాను.

అక్షరాలు వంకరపోతున్నాయి, ఏమీ అనుకోకండి.

వదినా, మిమ్మల్ని ఒకటి అడగాలి. అడిగితే ఇంకొకటి ఒప్పుకోవాలి. గోడకి బొగ్గు మసి పట్టింది. దాని మీద సున్నం నిలుస్తుందా, గీకెయ్యాలా? మసి ఎక్కడిదంటారు. మిషను మా దగ్గర ఎప్పుడూ లేదు, అంటే మొదటి రెండు రోజులే ఉంది. ఆ చప్పుడికి అత్తయ్య నిద్రాహారాలు మానేశారు. మేస్త్రిని పిలిచి ఇచ్చేశాను, వదినకి నేనే రాస్తానని చెప్పాను. రాయలేకపోయాను. ఆయన మీ మొహం చూసి ఇచ్చారాయె. అత్తయ్య కూడా "దానికి చెప్పకు, నొచ్చుకుంటుంది. మా రోజుల్లో తడి గోడలు కుంపటితోనే ఆరబెట్టేవాళ్ళం" అన్నారు. గది వెచ్చగా ఉండాలని మీరూ రాశారు కదా. అందుకని బొగ్గుల కుంపటి పెట్టాను. మీరు ఇంకా వెచ్చగా అన్నాక రెండోది కూడా కొన్నాను. పగలూ రాత్రీ నిప్పు ఆరనివ్వడం లేదు. బకెట్టు సంగతి నేనే కల్పించి రాశాను. ఎంత రాయాలో తెలీక సగమని రాశాను.

అత్తయ్య మధ్యాహ్నం నుంచి పడుకునే ఉన్నారు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగానే ఉన్నాయి. పిలిస్తే ఊఁ అంటున్నారు, లేవడం లేదు. అలిగారనుకుంటాను. కాస్సేపు నడుం వాల్చి, లేచాక ఇది పోస్టు చేస్తాను.

మీ మరదలు

డిసెంబరు 30, రైల్లో

అమ్మాయీ,

ఈ ఉత్తరం నేనే తీసుకొస్తున్నాను. పోస్టులో వెయ్యను. చేతులు ఊరికే ఉంచితే పిచ్చెక్కేలా ఉందని రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. మసి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మళ్ళీ చదివాను. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంటివాళ్ళు ఏమైందని అడుగుతుంటే ఆగకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా ఫోను ఉన్న కొట్టు దాకా పరుగెత్తాను. మేస్త్రి ఇంట్లో లేడట, పనిలో ఉన్నాడట. వాళ్ళావిడతో చెప్పాను, అరిచాను, కిటికీ పగలగొట్టమను, కుంపటి బయట పారెయ్యమను, వాళ్ళని ఎత్తుకుని బయటికి తీసుకురమ్మను అని. ఆవిడకి ఎంత అర్థమైందో నాకు తెలీదు. టెలిగ్రాం ఇచ్చాను. అది నీ చేతికి అందితే నువ్వు చదవగలిగే స్థితిలో ఉండాలి.

అది బూజు కాదు. బొగ్గు మూసిన గదిలో కాలితే ఒక విషం పుడుతుంది. కంటికి కనబడదు, వాసన ఉండదు. తలనొప్పి, వాంతి, మతిమరుపు, చెవుల్లో దబదబలు, ఎర్రటి బుగ్గలు. మా పనిలో చేరిన రోజునే చెబుతారు ఇది. నాకు తెలుసు. మిషను ఉందనుకున్నాను కాబట్టి తెలిసి కూడా తట్టలేదు. బకెట్టు అబద్ధం చెప్పదని నేనే రాశాను. అసలు బకెట్టే లేదు.

అమ్మ చెప్పింది తప్పు కాదు. ఆవిడ కాలంలో పెంకుటిల్లు, పెంకుల సందుల్లోంచి గాలి వచ్చేది, కుంపటి ఏమీ చేసేది కాదు. నేను చెప్పిందీ తప్పు కాదు, మిషను ఉంటే మూయాల్సిందే. ఆవిడ కుంపటినీ నా మూసిన తలుపునీ నువ్వు ఒక్క గదిలో పెట్టావు. ఇద్దరి మాటా వినాలనుకున్నావు, పిచ్చిదానా. ఇద్దరిలో ఎవరి మాట కాదన్నా ఈ గండం ఉండేది కాదు.

ఇన్నాళ్ళూ మీరిద్దరూ బతికి ఉన్నది ఆవిడ దొంగతనంగా తీసిన కిటికీ వల్ల. ఆ కిటికీకి నేను మేకులు కొట్టించాను.

నీ కవరు మీద పోస్టాఫీసు ముద్ర చూశాను. ఇరవై ఎనిమిది. పోస్టు డబ్బా మీ వీధి మలుపులో ఉంది. అంటే నువ్వు లేచావు, చెప్పులు వేసుకున్నావు, మలుపు దాకా నడిచావు. ఇరవై ఎనిమిదిన నువ్వు నడిచావు. ఆ ముద్రని పట్టుకుని కూర్చున్నాను. కానీ అది నీ ముద్ర, అమ్మది కాదు. తరవాత రోజుల సంగతి అది చెప్పదు.

ఎదుటి సీటులో ఒకావిడ కిటికీ మూసింది, చలిగా ఉందని. తియ్యమని అరిచాను. అందరూ నన్నే చూస్తున్నారు. చూడనీ. ఈ బండి ప్రతి స్టేషనులోనూ ఎందుకు ఆగుతోంది?

జనవరి 22

అమ్మాయీ,

చేరాను. ఆస్పత్రి నుంచి అమ్మ ఇంటికి వచ్చిన మర్నాడే పనుందని వచ్చేశాను కదా, పనేమీ లేదు. ఆవిడ నా కేసి చూసి చూపు తిప్పుకోవడం నేను తట్టుకోలేకపోయాను. వాళ్ళావిడ చెప్పగానే మేస్త్రి ఆ రోజు పరుగెత్తుకొచ్చి సుత్తితో కిటికీ పగలగొట్టకపోతే, గుమ్మంలో తూలి పడబోయిన నిన్ను పట్టుకుని లోపల ఇంకెవరున్నారని అడగకపోతే, నేను వచ్చి చేసేదేముంది?

పనికి వెళ్తున్నాను. మిషను పెట్టాక కిటికీలు మూసుకోండి అని చెప్పాలి కదా. చెప్పలేక నిలబడిపోతున్నాను. ముందు వంటిల్లు చూస్తాను, పెరడు చూస్తాను, నిప్పు ఎక్కడుందో అడుగుతాను. మళ్ళీ సాయంత్రం వెళ్ళి చూసొస్తాను. ఈవిడకి చాదస్తం అనుకుంటున్నారు.

అమ్మ ఎలా ఉందో రాయి. నాకు నచ్చేట్టు రాయొద్దు. ఉన్నది రాయి.

వదిన

జనవరి 29

వదిన గారికి,

ఆస్పత్రి వరండాలో మీ చెయ్యి పట్టుకుని ఇక ఏదీ దాచనని మాటిచ్చాను. అందుకే ఉన్నది రాస్తున్నాను.

అత్తయ్య నడుస్తున్నారు, తింటున్నారు. మీ తమ్ముడిని పోల్చుకుంటున్నారు, నన్ను పోల్చుకుంటున్నారు. ఆయన దూరం బండ్లు మానేసి సాయంత్రానికి ఇంటికి చేరే పని చూసుకున్నారు. కుంపట్లు రెండూ మేస్త్రే పట్టుకుపోయారు. గోడ ఇంకా ఆరలేదు. ఎండ వచ్చినప్పుడు ఆరుతుంది, రానప్పుడు లేదు. దాని మానాన దాన్ని వదిలేశాం.

కానీ ఆవిడ మనసు ఆ రోజుల దగ్గరే ఆగిపోయింది. ఆస్పత్రి గుర్తు లేదు. మీరు వచ్చి పక్కన కూర్చున్నది గుర్తు లేదు. మెల్లగా తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు. నిన్న ఏం తిన్నారో చెప్పలేరు. మీ ఉత్తరం మాత్రం గుర్తుంది.

పగిలిన అద్దం మార్పించి, రోజూ పొద్దున్నే కిటికీ తీస్తున్నాను. రెక్క చప్పుడు వినగానే ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేస్తారు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పెద్దదానికి చెప్పకే. కాసేపు గాలి తగిలాక మళ్ళీ మూసేద్దాం. నేనే తీశానని తెలిస్తే కోప్పడుతుంది" అంటారు. ఎవరూ కోప్పడరు అత్తయ్యా, వదినే తియ్యమంది అని చెబుతాను. అలాగా అని తలూపుతారు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి కిటికీ మూసి ఉంటుంది. ఆవిడ మంచం మీద కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చుని ఉంటారు. మొన్న కాగితం అడిగారు, సందులకి అంటించడానికి.

ఆస్పత్రిలో మీ కేసి చూసి చూపు తిప్పుకున్నది కోపంతో అనుకున్నారు మీరు. కోపం కాదు వదినా. మీకు దొరికిపోయానని భయం.

ఇది మీకు రాయొద్దనే అనిపించింది. పాత నేనైతే, అత్తయ్య కులాసా అని రాసి కవరు అంటించేదాన్ని. నిన్న పొద్దున కూడా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్నారు, మీకు చెప్పనని. ఆ ఒట్టు తప్పి రాస్తున్నాను.

నేను తీస్తే ఆవిడకి అది దొంగతనమే. మీ తమ్ముడు తీసినా దొంగతనమే. పని ఉందో లేదో నాకు అనవసరం, మీరు రండి. వచ్చి, ఆవిడ చూస్తుండగా ఆ కిటికీ మీ చేత్తో మీరు తియ్యండి. ఒక్కరోజుకి మర్చిపోతారు, మర్నాడు మళ్ళీ తియ్యండి.

మీ మరదలు